మోరి కాడ ఆగే బండి

ఏమయ్యా,

మంచిగున్నవా? నువ్వు పోయి ఏడాదిన్నర దాటింది. ఇన్ని దినాలకు నీకు రాయ కూసున్న. నువ్వు పక్కన కూసోబెట్టి నేర్పిన అచ్చరాలే... వంకరటింకర ఉన్నయి. నవ్వకు.

ముందుగాల మంచి ముచ్చట ఒకటి చెప్పి మొదలు పెడుదామనుకున్న. కని మంచి ముచ్చట నోటికి వస్తలేదు. మనుషుల మీద రోత పుట్టింది. బుక్క నోట్ల పెట్టుకుంటే సుత యాదికొచ్చి పళ్ళెం పక్కకు జరుపుత. ఎవలకు చెప్పుకోవాలె? చెప్తే వినేది మళ్ళ వాళ్ళే కదా...

నిన్ను దయ్యాన్ని చేసిన్రయ్యా.

ఔ, నిన్నే. వాన కొట్టినా, వాగొచ్చినా, ఎక్కినోన్ని ఇంటి ముంగట దించినంకనే ఇంత అన్నం తిన్నోనివి. "తొవ్వల ఎవ్వల్ని ఇడిసిపెట్టొద్దు, ఆళ్ళ ఇంట్లోళ్ళు దర్వాజ కాడ నిలబడి ఉంటరు" అంటుంటివి. గసొంటి నువ్వు తొవ్వకు అడ్డం పడి బండి ఆపుతున్నవట. నమ్మబుద్ధి అయితదా?

మన నల్లబండి యాదికుందా? యాదికుండకేం... నా మొఖమన్న మరుస్తవేమో గని దాని మొఖం మరువవు. పోలీస్ యాక్షన్ అయినంక గడీల దొర తన మోటరుకారు అగ్గువకు అమ్ముకుంటుంటే తెచ్చినవ్. అప్పటికే అది ముసలిది. మైళ్ళ మీటర్ తిరిగి తిరిగి సున్న కాడికి వచ్చిందని నువ్వే నవ్వుకుంట చెప్పినవ్. నీ చేతుల మళ్ళ తిరిగి మళ్ళ సున్నకొచ్చింది. మందమర్రి నుంచి మంచిర్యాల, మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట... బాయిల బొగ్గుపెళ్ళ పడి కాళ్ళిరిగినోళ్ళను మోసింది, పెండ్లోళ్ళను మోసింది, నొప్పులు పడేటోళ్ళను మోసింది. ఆఖరుకు నిన్ను గూడ మోసింది.

ఆ దినం గురించి ఎక్కువ రాయ. కండ్లు పచ్చబడి, పసిరికలు ముదిరి నిన్ను కరీంనగర్ దవాఖానకు కొంచవోతున్నం. ఎనుక సీటుల నా ఒడిల నీ తల. ముందట నా తమ్ముడు మల్లేశం నడుపుతుండు. లక్షెట్టిపేట ఇంక రాలే, తొవ్వ కింద వాన నీళ్ళు పోయే గా మోరి కాడ నువ్వు కండ్లు మూసుకునే అన్నవ్, "గేర్ మార్చురా, బండి మూలుగుతుంది" అని. గంతే. నాకొక్క మాట లేదు. ఆఖరి మాట గూడ బండికే ఇచ్చి పోతివి.

నువ్వు పోయినంక మల్లేశమే నడుపుతుండు. నీ చేతికింద స్టీరింగ్ పట్టినోడు, మంచిగనే నడిపిండు. ఏడాది పొడుగు బండి ఎక్కడ ఆగలే, ఎవ్వల్ని సతాయించలే. గా మోరి మీదికెల్లి ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు వచ్చిందో... గీ ముచ్చట గుర్తు పెట్టుకో. నేను అందరికి ఇదే చెప్పిన, ఒక్కలు వినలే. ఏడాది ఊకున్నోడు ఏడాది దాటినంక దయ్యమైతడా? దయ్యానికి సుత సెలవులుంటయా?

ఇగ మీ అక్క ముచ్చటకొస్త. నువ్వు పోయినప్పుడు ఇల్లు చూసుకుంటనని వచ్చింది. వచ్చింది, ఇగ పోలే. అచ్చినకాడికెల్లి నాకు ఒక్కటే పాఠం. బండి తీసేటప్పుడు లోపటనే ఉండు. ఎదురు రాకు. బండి దిక్కు చూడకు. మొగడు సచ్చినది ఎదురొస్తే గిరాకి ఉంటదా అని. ఏ బండి కడిగి కడిగి నా చేతులు పాశిపోయినయో, గా బండిని నేను దర్వాజ సందుల నుంచి చూసుడైంది.

కిందటి దసరాకు మనింట్ల పండుగ లేకుండె. గీ దసరాకు ఏడాది దాటింది కదా, రెండు పండుగల పసుపు ఒక్కసారే పూసింది మీ అక్క. నువ్వున్నప్పుడు గా పని నాదే. నువ్వు గుమ్మడికాయ కొడుతుంటివి, నేను పసుపు పూసి బొట్లు పెడుతుంటి. ఒకసారి ఎనుక దిక్కు పూయవోతే నా చెయ్యి పట్టుకున్నవ్. "మొఖానికి పూయి, ముక్కుకు పూయకు" అన్నవ్. దీనికి ముక్కేడిది అంటే, "దీని ముక్కు ఎనుకకుంటదే పిచ్చిదానా" అని నవ్వినవ్. పరాచికాలాడుతున్నవనుకున్న... నీ మాటల ఏది పరాచికమో ఏది పాఠమో, నీతోని బతికినన్ని దినాలు తెలువకనే పాయె.

మీ అక్కకు ముక్కు తెలువది, మొఖం తెలువది. వాన పడ్డా పోవద్దని పసుపుల తుమ్మజిగురు కలిపింది. కుప్పలు కుప్పలు మెత్తింది. గోడకు పిడకలు కొట్టినట్టు. జిగురెందుకని సందుల నుంచి అడిగితే, పసుపు ముచ్చట నీకెందుకని కసిరింది.

దసరా అయిన వారానికి మొదలైంది.

మంచిగ ఉరికే బండి ఉన్నట్టుండి గుక్క పట్టినట్టు ఊగుతదట. గుడుక్ గుడుక్ అంటదట. ఎంత తొక్కినా జోరందుకోదు. జరంత దూరం గుంజుకుంట పోయి ఆగిపోతది. చెట్టుకింద కూసొని బీడి తాగి లేస్తే, ఏమెరుగనట్టు మళ్ళ నడుస్తది. రోజు ఆగితే రోగం దొరుకుతుండె... ఒక దినం ఆగుతది, రెండు మూడు దినాలు బంగారం లెక్క నడుస్తది. మల్లేశం పరేషాన్ అయిండు.

మంచిర్యాల మిస్త్రి కాడికి కొంచవోయిండు. వాని ముచ్చట చెప్తే నీకు గుస్స వస్తది. నోట్ల పాన్, చేతుల పానా. బండి మాట ఒక్కటి వినలే, ఎప్పుడాగుతుంది, ఏడ ఆగుతుంది అని అడుగలే. కార్బొరేటర్ ఊడదీసిండు, కడిగిండు, బిగించిండు. ప్లగ్గులు మార్చిండు. వైర్లు మార్చిండు. ప్రతిసారి ఇంజన్ చాలు చేసి, చూడు ఎట్ల కొట్టుకుంటుందో అన్నడట. ఇంటి కాడ కొట్టుకుంటది కదా, ఎవలు కాదన్నరు? తొవ్వల ఆగే బండిని కొట్టంల కట్టేసి నాడి చూస్తే ఏం తెలుస్తది? ఆఖరుకు దీనికి ఉమర్ అయిపోయింది, కాటికి పంపుండ్రి అని చేతులు తుడుసుకున్నడు. ఛీ.

అప్పుడు లేచింది పుకారు. బండి ఆగేది ఎక్కువ గా మోరి కాడనే కదా... లేకుంటే దానికి జర ఇవుతల, జర అవుతల. ఏ మోరి కాడ నువ్వు పోయినవో గదే. ఇగ చాలదా లోకానికి? నువ్వే ఆపుతున్నవట. బండి మీద పాణం పోలేదట. మల్లేశం గూడ నమ్మిండయ్యా. వాన్ని ఏమనాలె... ఆగినప్పుడల్లా వాడు దిగి, ట్యాంకి మూత తీసి, పుల్ల పెట్టి పెట్రోల్ చూస్తడు. నిండ ఉంటది. మళ్ళ మూత పెట్టి, నీ పేరు తలుచుకొని కొబ్బరికాయ కొడుతడు. బండి చాలు అయితది. బావకు కొబ్బరికాయ అందితే ఇడిసిపెడుతుండు అని వాడే ఊరంత చెప్పిండు. నా తోడ పుట్టినోడు. నువ్వు పని నేర్పినోడు.

బాయి పనోళ్ళ కంపెని లైన్లల్ల మన బండికి దయ్యంబండి అని పేరు పడ్డది. గిరాకి బందైంది. బాయిల కాలిరిగితే నువ్వు ఎత్తుకొని బండిల పండబెట్టుకున్నవే, ఎనుక వరుస ఇంటాయన... ఇప్పుడు బండి కనబడితే నేల మీద ఉమ్మి పక్కకు జరుగుతుండు. నీ చేతి మంచినీళ్ళు తాగిన నోరే అది. వాడు కనబడితే నేను దర్వాజ మూస్త.

మీ అక్క చెన్నూరు దిక్కు నుంచి ఒక మంత్రగాన్ని పిలిపించింది. వాడు వచ్చుడు వచ్చుడే బండి చుట్టు తిరిగి, ముక్కు ఎగబీల్చి, మనిషి గీ బండిలనే ఉన్నడు అన్నడు. అమాస ఆదివారం మిట్టమధ్యాహ్నం మోరి కాడికి పోవాలె. కోడిని కొయ్యాలె. నువ్వు తొడిగిన అంగి ఒకటి పెండ్లాం తన చేతులతోని ఇయ్యాలె, దాన్ని కాలబెట్టి, గా బూడిద మీద ఇనుప సీల దిగ్గొట్టాలె. ఇగ నువ్వు కదలవట. గా మోరి కాడనే, మన్నులనే...

నేను విన్న. వినుకుంట నిలవడ్డ. బండి పోతే పోనీ అనిపించింది. కూలి చేసుకొని బతుకుత. కని నా ఒడిల పాణమిడిసిన మనిషిని తొవ్వ పక్కకు సీల కొట్టి కట్టేస్తరా? పిచ్చికుక్కను కట్టేసినట్టు? దానికి నేను నా చేతులతోని అంగి ఇయ్యాల్నా?

నీ ఖాకీ అంగి నా పెట్టెల ఉంది. ఉతకలే. పెట్రోల్ వాసన, బీడి వాసన, నీ వాసన... ఉతికితే పోతదని భయం.

రాను అన్న. రాకుంటే నేనే నిన్ను పోనిస్తలేనని అంటరు, అంటున్నరు గూడ. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. నా చేతులతోని ఇస్తేనే పని అయితదంటే, నేను పోయి గూడ ఇయ్యకుంటే కాదు కదా. ఇంట్ల పెట్టిపోతే ఎవలన్న తీసిస్తరు. అంగి సంకల పెట్టుకొని నేనే బండెక్కిన.

నువ్వు పోయినంక ఎక్కుడు అదే మొదలు. అదే ఎనుక సీటు. అదే మూల. ముందట మంత్రగాడు, వాని ఒళ్ళె కాళ్ళు కట్టేసిన కోడి. అది సీటంత ఖరాబు చేసింది. నువ్వు జరంత ధూళి గూడ ఆగనియ్యని సీటు. నా పక్కన మీ అక్క, నన్ను తాకితే మైల అయితదన్నట్టు దర్వాజకు అతుక్కొని కూసున్నది. మంచిర్యాలల మల్లేశం ట్యాంకి నిండ పోయించిండు. ఎండ చురచుర కొడుతుంది.

మోరి ఇంక జర దూరముందనంగ బండి గుక్క పట్టింది. ఊగింది. గుడుక్ గుడుక్ అన్నది. ఆగింది.

మంత్రగాడు ఊగుడు సురువు చేసిండు. మీ అక్క చేతులు జోడించింది. నేను... నీకు అబద్ధం చెప్ప. గా ఒక్క గడియ నాకు గూడ పాణం జల్లుమన్నది. నువ్వేనేమో అనుకున్న. నా కోసం ఆపినవేమో అనుకున్న. నేను ఎక్కిన్నాడే ఆగింది కదా అని అంగి గట్టిగ పట్టుకున్న. భయం కాలేదయ్యా. సంబురమైంది.

మల్లేశం అలవాటు ప్రకారం దిగి, ఎనుకకు వచ్చి ట్యాంకి మూత తిప్పిండు.

స్స్‌స్స్... అని చప్పుడైంది.

నేను కూసున్న మూలకే ఉంటది కదా ట్యాంకి. చెవుల పడ్డది. మూత తియ్యంగనే గాలి లోపటికి గుంజుకున్న చప్పుడు. ఊపిరాడక ఊపిరాడక ఒక్కసారే పీల్చుకున్నట్టు.

నాకు మంచినూనె డబ్బ యాదికొచ్చింది. కొత్త డబ్బకు ఒక్కటే బెజ్జం కొడితే నూనె సక్కగ పడదు. గుడుక్ గుడుక్ అంటది, ఆగుతది. ఇంకో దిక్కు ఇంకో బెజ్జం కొట్టాలె, గాలికి. అప్పుడు ధార పడుతది. గీ ముచ్చట ఏ ఇల్లాలికి ఎరుకలేదు? మీ అక్కకు సుత ఎరుకనే. గుడుక్ గుడుక్... బండి గూడ గదే చప్పుడు కదా చేసింది?

నువ్వు అంటుంటివి, "బండి ఆగిందంటే అలిగింది కాదే, ఏదో తక్కువైంది. తిండా, నిప్పా, గాలా... మూడే అడుగు" అని. తిండి నిండ ఉంది. నిప్పు మిస్త్రి కొత్తది పెట్టిండు. గాలి ఎవ్వలు అడుగలే.

నేను బండి దిగిన. మీ అక్క దిగొద్దని ఒర్రింది. మల్లేశం చేతులకెల్లి మూత గుంజుకున్న. దాని మీద పసుపు, అంగట్ల మిఠాయి లెక్క గడ్డ కట్టి ఉంది. నడుమ కుంకుమబొట్టు. గోటితోని గీకితే రాలే. తుమ్మజిగురు కదా, రాయి అయింది. నోరు పెట్టి ఊదిన. గాలి పోలే.

దీని ముక్కు ఎనుకకుంటదే పిచ్చిదానా...

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గాజులు పగులగొట్టిన్రు, మెట్టెలు తీసిన్రు గని కొంగుకు పిన్నీసు ఉంచిన్రు. గా పిన్నీసు తీసి పొడిచిన. పొడిచి పొడిచి, పసుపు రాలి, నడుమ సన్నటి బెజ్జం కనబడ్డది. ఊదిన. సుయ్యిమని పోయింది గాలి.

మల్లేశం నోరెళ్ళబెట్టిండు. ట్యాంకి నిండ ఉంటే లోపట గాలికి జాగ తక్కువ, అందుకే నింపిన్నాడు జల్ది ఆగుతుంది, మంచిర్యాల పంపు నుంచి గా మోరి దాకనే దానికి ఊపిరి సాలుతుంది అని వాడే చెప్పవట్టిండు. కొబ్బరికాయ కొట్టకముందే మూత తీస్తున్ననే అక్కా అని నెత్తి కొట్టుకున్నడు. ఇప్పుడు తెలివి వచ్చింది దొరకు.

లక్షెట్టిపేట దాక పోయినం, తిరిగి మందమర్రి దాక వచ్చినం. ఒక్కసారి గుక్క పట్టలే. అంగి నా ఒడిలనే ఉంది. వచ్చేటప్పుడు మోరి కాడ కండ్లు మూసుకున్న. బండి ఆగకుంట పోయింది. నిన్ను రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది నాకు. బెజ్జం దొరికింది గని నువ్వు దొరకలే...

ఇంతటితోని అయిపోయిందనుకున్నవా? అసలు రోత ఇప్పుడు చెప్త.

మంత్రగాడు సీల జేబుల వేసుకొని, కోడిని సంకల పెట్టుకొని పోయిండు. తెల్లారేసరికి లైన్లల్ల ఒక్కటే ముచ్చట. సీలను చూసి దయ్యం పారిపోయిందట. వాడు కొట్టకముందే నువ్వు భయపడి ఉరికినవట. మీ అక్క చెప్పింది. మూత చూసిన కండ్లే, పసుపు పూసిన చేతులే... ఎట్ల చెప్పబుద్ధైందో. నాకు ఇగ యాష్టకొచ్చింది. నువ్వు పిరికోనివి గూడ అయితివి.

మళ్ళ ఆదివారం, నీళ్ళ నల్ల కాడ అందరు కూడినప్పుడు, నేను లోపటికి పోయి మీ అక్క పసుపు గిన్నె తెచ్చిన. అందరి ముంగట. పసుపు ముట్టింది, పసుపు ముట్టింది అని గుసగుసలు. ముట్టిన. జిగురు కలిపి ట్యాంకి మూతకు మెత్తిన, ఆమె పూసినట్టే, బొట్టు గూడ పెట్టిన. ఎండినంక చెప్పిన, ట్యాంకి నింపుకొని లక్షెట్టిపేట దాక పోయి రాండ్రి, మీ మంత్రగాన్ని గూడ తోలుకపోండ్రి, నేను ఇంట్లనే ఉంట, ఎదురు గూడ రాను అని. పోయిన్రు. మీ అక్క, మంత్రగాడు, నేల మీద ఉమ్మేటాయన గూడ.

ఆగింది. మోరికి జర ఇవుతల. మల్లేశం చేతులు కట్టుకొని నిలవడ్డడట. వాళ్ళు నిమ్మకాయలు కోసిన్రు, కొబ్బరికాయలు కొట్టిన్రు, మంత్రగాడు ఊగి ఊగి అలిసిపోయిండు. వాళ్ళ పని ఒడిసినంక మల్లేశం అందరి చెవులు ట్యాంకి కాడ పెట్టించి మూత తీసిండట. స్స్‌స్స్... మళ్ళ మూత పెట్టి ఉరికిస్తే మళ్ళ ఆగింది. మంత్రగాడు అక్కడనే దిగి నడిసిపోయిండట.

వచ్చినంక ఒక్కలన్న తప్పైందన్నరా? ఏడి... ఉమ్మేటాయనైతే మొగడు సచ్చినదాని చేతి పసుపు కదా, అందుకే ఆగింది అన్నడు. నిలబడ్డ కాడనే అన్నడు. మల్లేశం ఊకోలే, మరి దసరా కాడికెల్లి ఆగింది ఎవలి చేతి పసుపుకు అని అడిగిండు. మీ అక్క లోపటికి పోయి గిన్నె కడుక్కున్నది.

గిరాకి మెల్లగ మళ్ళ వస్తుంది. సిగ్గు లేకుంట వస్తున్నరు. మల్లేశం ఎక్కించుకుంటుండు. నేనైతే ఎక్కనియ్య... కని నువ్వుంటే ఎక్కించుకుందువు, తెలుసు.

ఇప్పుడు పొద్దుగాల హ్యాండిల్ తిప్పి మల్లేశం నన్ను పిలుస్తడు. నేను ముంగట నిలబడేదాక బండి తియ్యడు. మీ అక్క మొఖం అటు తిప్పుకుంటది. నేను పోయి ఎదురుంగ నిలబడుత. ఎక్కడ ఆగుతలేదు.

వచ్చే దసరాకు పసుపు నేనే పూస్త. మొఖానికే.

ఇంకొక్క మాట. నీ ఏడాది తిథి మళ్ళ వస్తది కదా. ఆ దినం మల్లేశంతోని చెప్పి గా మోరి కాడ జరసేపు ఆపిస్త. బండి ఆగుడు కాదు, నేనే ఆపుమంట. ఎనుక సీటుల అదే మూలకు కూసొని, అంగి ఒళ్ళె పెట్టుకొని, ఇంజన్ చాలు ఉంచుమంట. మూలుగుతలేదయ్యా ఇప్పుడు. నువ్వే విందువు...

నీ

రాజవ్వ